ఆవిరికి ఇవ్వాల్సిన సమయం

మనమంతా బదిలీ ఉద్యోగుల పిల్లలం. ఊరు మారినప్పుడల్లా బడి మారుతుంది, స్నేహితులు మారతారు, వీధిలో వినిపించే భాష మారుతుంది, చివరికి తాగే నీళ్ళ రుచి కూడా మారుతుంది. వీటి గురించి మనం చాలా మాట్లాడుకుంటాం. ఆసుపత్రి మారడం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న డాక్టరు అంటూ మనకు ఉండరు. పన్ను పీకించుకోవాలన్నా, మోకాలి మీద దెబ్బకు కుట్లు వేయించుకోవాలన్నా, అమ్మకు ఆపరేషన్ చేయించాలన్నా కొత్త ఊళ్ళో పరిచయం లేని చేతుల్లో పెట్టాల్సిందే. ఆ చేతుల్లోని పరికరం నిన్న ఎవరి ఒంటిని తాకిందో, ఆ తర్వాత దాన్ని ఏం చేశారో మనకు తెలియదు.

ఆ పరికరం మన దగ్గరికి రాకముందు ఒక యంత్రంలోకి వెళ్ళి వస్తుంది. దాని పేరు ఆటోక్లేవ్. ఆవిరితో క్రిములను చంపే పెట్టె అది. మన బయాలజీ పుస్తకాల్లో దానికి ఒకటి రెండు వాక్యాలకు మించి చోటు దొరకదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆటోక్లేవ్ పని డాక్టర్లకు, నర్సులకు మాత్రమే సంబంధించిన సంగతి అనుకోకూడదు. అది ఎలా పనిచేస్తుందో, ఎక్కడ మోసపోతుందో ప్రతి విద్యార్థికీ తెలియాలి. అది సరిగ్గా నడిచిందా అని అడిగే అలవాటు మన ఇళ్ళలో రావాలి.

ముందు యంత్రం గురించి తెలుసుకుందాం. అది మనకు కొత్తదేమీ కాదు. వంటింట్లో పప్పు ఉడికించే కుక్కర్, ఆసుపత్రి ఆటోక్లేవ్ ఒకే తాత మనవలు. 1679లో డెనీ పపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గట్టిగా మూత బిగించిన పాత్రలో నీళ్ళు మరిగించి, గట్టి ఎముకలను సైతం మెత్తగా ఉడికించి చూపించాడు. అది పేలిపోకుండా దానికి ఒక సేఫ్టీ వాల్వు కూడా పెట్టాడు. ఆ తర్వాత రెండు వందల ఏళ్ళకు, 1879లో, లూయీ పాశ్చర్ దగ్గర పనిచేసే చార్లెస్ షాంబర్లాన్ అదే సూత్రంతో ప్రయోగశాల కోసం ఆటోక్లేవ్ తయారుచేశాడు.

మామూలుగా మరిగించిన నీళ్ళు చాలవా అని అడగవచ్చు. చాలవు. మూత లేని గిన్నెలో ఎంత మంట పెట్టినా నీళ్ళు వంద డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. చాలా క్రిములు ఆ వేడికి చస్తాయి కానీ కొన్ని బ్యాక్టీరియాలు గడ్డుకాలం వస్తే స్పోర్లుగా మారతాయి. స్పోరు అంటే గట్టి తొడుగులో నిద్రపోతున్న విత్తనం లాంటిది. ధనుర్వాతం తెచ్చే బ్యాక్టీరియా ఇలాంటిదే. మరిగే నీళ్ళను తట్టుకుని బతికి, గాయంలోకి చేరాక మళ్ళీ లేచి కూర్చుంటుంది. దాన్ని చంపాలంటే వేడి 121 డిగ్రీలకు చేరాలి. అందుకు మూత బిగించి, ఆవిరిని చదరపు అంగుళానికి 15 పౌన్ల ఒత్తిడిలో పెట్టాలి. ఒత్తిడి తనంతట తాను క్రిములను చంపదు. ఆవిరి వేడిని పెంచడానికే అది కావాలి.

పొడి వేడితో కూడా ఈ పని చేయవచ్చు. కానీ దానికి 160 డిగ్రీల్లో రెండు గంటలు పడుతుంది. ఆవిరికి అంత తొందరగా పని ఎలా అవుతుంది? పదకొండో తరగతి ఫిజిక్స్ చదివినవాళ్ళకు జవాబు తెలుసు. ఒక గ్రాము నీటిని సున్నా నుంచి వంద డిగ్రీలకు తేవడానికి 100 కేలరీలు చాలు. అదే ఒక గ్రాము ఆవిరి చల్లని కత్తెరను తాకి నీరుగా మారేటప్పుడు దాదాపు 540 కేలరీలను ఒక్కసారిగా వదిలేస్తుంది. కుక్కర్ ఆవిరి చేతికి తగిలినప్పుడు అంతలా ఎందుకు కాలుతుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆ దెబ్బకే స్పోరు లోపలి ప్రోటీన్లు పాడైపోతాయి.

ఇక యంత్రం మోసపోయే చోటు చూద్దాం. పెట్టెలో ముందుగా ఉన్న గాలి అంతా బయటికి పోవాలి. గాలి ఆవిరి కంటే బరువు కాబట్టి అడుగున చేరి కూర్చుంటుంది. గేజీ మీద ముల్లు 15 పౌన్లే చూపిస్తుంది. గాలి పూర్తిగా పోయి ఉంటే లోపల 121 డిగ్రీలు ఉంటాయి. సగం గాలి మిగిలితే 112 దగ్గరే ఆగిపోతుంది. గాలి అసలు పోకపోతే అదే 15 పౌన్ల దగ్గర వేడి వంద డిగ్రీలే. అంటే ఒత్తిడి ముల్లు సరైన చోటే నిలబడి ఉండవచ్చు, స్పోర్లు హాయిగా బతికే ఉండవచ్చు. పైన పటారం లోన లొటారం అని పెద్దలు అన్నది ఈ పెట్టెకూ సరిపోతుంది.

ఇది పుస్తకాల్లో ఉండే ఊహ కాదు. ఇంగ్లండులో 1972 మార్చిలో డెవన్‌పోర్ట్ ఆసుపత్రిలో సెలైన్ లాంటి డెక్స్‌ట్రోజ్ ద్రావణం ఎక్కించిన రోగుల పరిస్థితి విషమించింది. ఆ సీసాలలో బ్యాక్టీరియా దొరికింది. ఐదుగురి మరణాలకు దానితో సంబంధం ఉందని చెప్పారు. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం వెనక్కి వెళ్ళి చూస్తే సంగతి బయటపడింది. అంతకు ఏడాది ముందు ఫ్యాక్టరీలో ఆ సీసాలను ఆటోక్లేవ్‌లో పెట్టినప్పుడు అడుగున గాలి మిగిలిపోయింది. కింది వరుసల సీసాలకు తగినంత వేడి అందలేదు. వేడిని నమోదుచేసే పరికరం ఉష్ణోగ్రత తక్కువగా ఉందని చూపిస్తూనే ఉంది. పనివాళ్ళు ఆ పరికరమే పాడైందనుకుని మిగతా గేజీలను నమ్మారు. నిజం చెప్పిన సాక్షిని అబద్ధాలకోరు అనుకున్నారన్నమాట.

మన దేశంలోకి వద్దాం. 2022 ఆగస్టు 25న తెలంగాణలోని ఇబ్రహీంపట్నం సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే వాళ్ళలో నలుగురు చనిపోయారు. ఇన్ఫెక్షన్ వల్లే ఇలా జరిగిందని, దాన్ని ఆపే జాగ్రత్తలు సరిగ్గా పాటించలేదని విచారణలో తేలింది. చాలామంది మీద చర్యలు తీసుకున్నారు. అంతకుముందు 2014 నవంబరులో మన ఛత్తీస్‌గఢ్‌లోనే, బిలాస్‌పూర్ దగ్గర పెండారీలో ఇలాంటి శిబిరమే జరిగింది. కొద్ది గంటల్లో ఎనభై మందికి పైగా ఆపరేషన్లు. పది మందికి పైగా తల్లులు ఇళ్ళకు తిరిగి రాలేదు. అక్కడ మందు బిళ్ళల మీద అనుమానాలు వచ్చాయి, పరికరాల శుభ్రత మీదా ప్రశ్నలు వచ్చాయి. పిల్లల పత్రికలో ఇలాంటివి రాయడమెందుకు అని కొందరు అనుకోవచ్చు. ఆ తల్లులకూ మన వయసు పిల్లలో, మనకన్నా చిన్నపిల్లలో ఉన్నారు. అందుకే రాస్తున్నాను.

ఈ రెండు చోట్లా నాకు కనిపించే పెద్ద శత్రువు తొందర. ఒక చిన్న లెక్క వేద్దాం. ఆపరేషన్ అయ్యాక పరికరాన్ని కడగాలి, ఆరబెట్టాలి, బట్టలో చుట్టాలి, ఆటోక్లేవ్‌లో పెట్టాలి. గాలి పోవాలి, వేడి ఎక్కాలి. ల్యాబులో వాడే ద్రావణాలకైతే 121 డిగ్రీల దగ్గర పావుగంట చాలు. బట్టలో చుట్టిన పరికరాల మూటకు అరగంట దాకా కావాలి. ఆ తర్వాత ఆవిరి వదలాలి, మూట ఆరాలి, చల్లారాలి. అన్నీ కలిపి రెండు గంటలనుకోండి. ఉదాహరణకు ఒక చోట ఐదు సెట్లే ఉన్నాయి, ఆరు గంటలు పని జరిగింది. ఒక్కో సెట్టు మూడుసార్ల కంటే ఎక్కువ వాడలేం. అంటే పదిహేను ఆపరేషన్లు. అక్కడ ముప్పై చేశారంటే మిగతా పదిహేనింటికి సమయం ఎక్కడి నుంచి వచ్చింది? డాక్టరు ఎంత నేర్పరి అయినా ఆవిరి తన గడియారాన్ని మార్చుకోదు. కొన్ని సున్నితమైన పరికరాలు, ముఖ్యంగా కెమెరా గొట్టాల లాంటివి, ఆవిరి వేడికి తట్టుకోలేవు. వాటిని రసాయనంలో నానబెడతారు. అక్కడా ఇన్ని నిమిషాలు నానాలి అని లెక్క ఉంటుంది. ఆ లెక్కనూ తగ్గించకూడదు. ఆలస్యం అమృతం విషం అనే సామెత ఈ గదిలో చెల్లదు. ఇక్కడ నిదానమే ప్రధానం.

మా పిన్ని విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో పరికరాలను శుద్ధిచేసే విభాగంలో పనిచేస్తుంది. ఈ వ్యాసం కోసం ఫోన్ చేసి, “పిన్నీ, మూట మీద అంటించే టేపుకు నల్ల గీతలు వస్తే పని అయిపోయినట్టే కదా?” అని అడిగాను. “ఏటమ్మా, అంత వీజీ అనుకున్నావా? ఆ టేపు ఏం చెప్తాదంటే ఈ మూట పెట్టెలోకి ఎళ్ళొచ్చింది అని చెప్తాది. లోపల పురుగు చచ్చిందా లేదా దానికేం తెలుసు?” అంది. మరి ఎలా తెలుస్తుంది అంటే మూడు మెట్లు చెప్పింది. మొదటిది ప్రతిసారీ వేడి, ఒత్తిడి, సమయం చూసి పుస్తకంలో రాయడం. రెండోది మూట బయటే కాక లోపల కూడా రంగు మారే పట్టీ పెట్టడం. మూడోది స్పోర్ల పరీక్ష. వేడికి అందరికంటే గట్టిగా నిలబడే ఒక బ్యాక్టీరియా స్పోర్లను చిన్న సీసాలో పెట్టి పరికరాలతో పాటే లోపల ఉంచుతారు. దాని పేరు జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్. బయటికి తీశాక వెచ్చని చోట ఉంచి చూస్తారు. అది పెరగకపోతే మిగతావన్నీ చచ్చినట్టే లెక్క. “మా పని కనపడదమ్మా. కనపడిందంటే ఏదో తప్పు జరిగినట్టే” అని నవ్వింది పిన్ని.

కంటికి కనపడని పనిని ఎలా నమ్మాలి? ఈ ప్రశ్నకు జవాబు మన భిలాయి వాళ్ళకు తెలుసు. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగినప్పటి నుంచీ ఈ ఊరు వేడితోనే బతుకుతోంది. మన స్మృతి నగర్ కాలనీలోనూ ప్లాంటులో పనిచేసేవాళ్ళ ఇళ్ళు ఎన్నో. ఇక్కడ తయారయ్యే రైలు పట్టా పైకి నున్నగా మెరుస్తూ ఉంటుంది. లోపల వెంట్రుకంత పగులు ఉన్నా కంటికి కనపడదు. అందుకని పట్టాను అల్ట్రాసోనిక్ తరంగాలతో పరీక్షించి పంపుతారు. షిఫ్టు దిగేవాళ్ళు లాగ్ బుక్‌లో రాసి, ఎక్కేవాళ్ళకు అప్పజెబుతారు. సెలవులకు రైలెక్కి ఊరికి వెళ్ళే మనం ఆ పరీక్షను ఎన్నడూ చూడం. అయినా నిద్రపోతాం. ఎవరో కొలిచారు, ఎవరో రాశారు, ఎవరో సంతకం పెట్టారు అన్న నమ్మకమే ఆ నిద్ర. ఆసుపత్రి మీద కూడా మన నమ్మకం అలాంటి రాతకోతల మీదే నిలబడాలి. గది నేల తళతళలాడటం మీద, పెద్ద బోర్డు మీద నిలబడకూడదు.

నా మాటకు ఎదురు చెప్పేవాళ్ళు ఉంటారని తెలుసు. మొదటి అభ్యంతరం ఇలా ఉంటుంది: “డాక్టరు దేవుడితో సమానం. ఆయన్ను ప్రశ్నిస్తే నమ్మకం పోతుంది.” నేను దీన్ని ఒప్పుకోను. మర్యాదగా అడిగిన ప్రశ్న నమ్మకాన్ని చెరపదు. “డాక్టర్ గారూ, ఈ పరికరం ప్యాకెట్ ఇప్పుడే తెరుస్తారా అండీ?” అని అడిగితే మంచి డాక్టరు కోప్పడరు. చూపించి మరీ తెరుస్తారు. జాగ్రత్తగా పనిచేసేవాళ్ళకు ఈ ప్రశ్న సంతోషాన్నే ఇస్తుంది, ఎందుకంటే వాళ్ళ కనపడని కష్టాన్ని ఒకరైనా గుర్తించారు. అడగందే అమ్మైనా పెట్టదు అంటారు. అమ్మనే అడగాల్సి వచ్చినప్పుడు, పరిచయం లేని ఊళ్ళో ఆసుపత్రిని అడగడానికి సిగ్గెందుకు?

రెండో అభ్యంతరం ఖర్చు గురించి. చిన్న ఊళ్ళలో చిన్న క్లినిక్కులకు ఇవన్నీ సాధ్యమా అంటారు. పెద్ద ఆసుపత్రిలో బీరువా అంత ఆటోక్లేవ్ ఉంటుంది, నిజమే. కానీ బల్ల మీద పెట్టుకునేవి, కుక్కర్ ఆకారంలో ఉండేవి కూడా ఉన్నాయి. వాటికీ 121 డిగ్రీలే, వాటికీ గాలి పోవాలి, వాటికీ సమయం ఇవ్వాలి. యంత్రం చిన్నదైతే తక్కువమందికి పనిచేస్తుంది, అంతే. పుస్తకంలో సమయం రాయడానికి ఒక పెన్ను చాలు. ఖర్చు తక్కువ అని నిమిషాలు తగ్గించడం వేరు, రోగుల సంఖ్యను పరికరాల సంఖ్యకు సరిపెట్టుకోవడం వేరు. రెండోదే న్యాయం.

మూడో అభ్యంతరం కొంచెం బలమైనది. “ఇప్పుడు సూదులు, బ్లేడ్లు అన్నీ ఒకసారి వాడి పారేసేవే. ఇక ఆటోక్లేవ్‌తో మనకేం పని?” అని. పారేసేవి వచ్చాక ఎంతో మేలు జరిగింది. అయినా పన్ను పీకే పట్టకారు, కాన్పు గదిలో కత్తెర, ఎముకల ఆపరేషన్‌లో వాడే సుత్తి పారేసేవి కావు. అదీ కాక పారేసినవి ఎక్కడికి పోతాయి? మన దేశంలో 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆటోక్లేవ్‌లో వ్యర్థాలను శుద్ధి చేయాలంటే 121 డిగ్రీల్లో, 15 పౌన్ల ఒత్తిడిలో కనీసం 60 నిమిషాలు ఉంచాలి. ఆ గంటను దాటవేస్తే ఆ క్రిములు చెత్త ఏరుకునే పిల్లల చేతులకు అంటుకుంటాయి. మన చేతికి రాని ముప్పు కూడా ముప్పే.

మరి మనం ఏం చేయగలం? నాకు తోచినవి మూడు.

ఒకటి, మన బడిలో మొదలుపెడదాం. బయాలజీ ల్యాబులో సార్ గారి ఎదుట ఒక ప్రయోగం చేయవచ్చు. ఎండు గడ్డిని నీళ్ళలో నానబెట్టి వడకట్టి, ఆ నీళ్ళను రెండు గాజు సీసాల్లో పోసి దూదితో మూతి బిగించాలి. ఒక దాన్ని మరిగే నీళ్ళలో కాసేపు ఉంచాలి. రెండో దాన్ని కుక్కర్‌లో, ముందు గాలి పోనిచ్చి, ఆ తర్వాత బరువు పెట్టి ఇరవై నిమిషాలు ఉంచాలి. కొన్ని రోజులకు మొదటి సీసా నీళ్ళు మసకబారే అవకాశం ఉంది, రెండోది తేటగా ఉండాలి. ఎండు గడ్డిలో స్పోర్లు ఉంటాయి, అందుకే ఈ తేడా. సీసాలను మనం తెరవకూడదు. చివర్లో రెండింటినీ మళ్ళీ కుక్కర్‌లో పెట్టి శుద్ధిచేశాకే పారబోయాలి. ఒక్కసారి ఇది కళ్ళారా చూసినవాళ్ళు ‘మరిగించాం కదా, చాలు’ అనే మాటను జన్మలో నమ్మరు.

రెండు, ఇంట్లో చెబుదాం. పంటి డాక్టరు దగ్గరికి, డ్రెస్సింగ్ గదికి వెళ్ళేటప్పుడు అమ్మానాన్నలతో పాటు మనమూ చూద్దాం. ప్యాకెట్ మూసి ఉందా? దాని మీద తేదీ ఉందా? మూట తడిగా ఉందా? తడిసిన మూటలోకి క్రిములు బయటి నుంచి మళ్ళీ చేరగలవు. కాబట్టి తడి మూటను వాడకూడదు. ఈ మూడూ కనుక్కోవడానికి డాక్టరు చదువు అక్కర్లేదు. హిందీలో అడగాలన్నా, ఒడియాలో అడగాలన్నా, కన్నడంలో అడగాలన్నా మనకు భాష ఒక లెక్క కాదు. ఊరూరా తిరిగి మనం సంపాదించిన ఆస్తి అదే కదా. అమ్మకు ఆ ఊరి భాష రాకపోతే, అమ్మ తరఫున అడగాల్సింది మనమే.

మూడు, ఆ పని చేసేవాళ్ళను గౌరవిద్దాం. ఆపరేషన్ బాగా జరిగితే డాక్టరుకు పూలగుత్తి ఇస్తాం, నర్సుకు మిఠాయి ఇస్తాం. నేలమాళిగలోనో వెనక గదిలోనో వేడి ఆవిరి మధ్య నిలబడి, గాలి పోయిందా లేదా అని చూసి, సమయం రాసి సంతకం పెట్టిన మనిషి పేరు కూడా అడగం. వాళ్ళను తొందరపెట్టే అధికారం ఎవరికీ ఉండకూడదు. “ఇంకా పది నిమిషాలు ఉంది, మూత తీయను” అని చిన్న ఉద్యోగి పెద్ద సర్జన్‌తో చెప్పగలిగే ఆసుపత్రే నా దృష్టిలో గొప్ప ఆసుపత్రి. అలా చెప్పినందుకు అతను మాట పడకూడదు. ఇంగ్లండు ఫ్యాక్టరీలో తక్కువ వేడిని చూసినవాళ్ళలో ఒక్కరు ఆగి, గట్టిగా అడిగి ఉంటే ఆ సీసాలు గేటు దాటేవి కావు.

మనలో కొందరు రేపు డాక్టర్లవుతారు, కొందరు ఇంజనీర్లయి ఈ యంత్రాలనే తయారుచేస్తారు, కొందరు అధికారులై ఒక రోజుకు ఎన్ని ఆపరేషన్లు చేయాలో నిర్ణయిస్తారు. ఏ కుర్చీలో కూర్చున్నా గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. లక్ష్యం పెద్దదని, జనం ఎక్కువని, కారు బయట ఆగి ఉందని ఆవిరికి ఇవ్వాల్సిన నిమిషాల్లో ఒక్కటి కూడా కోత పెట్టకూడదు. ఆ నిమిషాలు అక్కడ పడుకున్న మనిషివి. వాటిని తగ్గించే హక్కు మనకు లేదు.